సత్తయ్య మీద రాసిన నాలుగు వాక్యాలు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటవుతుందంటారు. నాకు కాలేదు. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతుంటాను. మేడం ఏదో మరిచిపోయిందనుకుంటారు పిల్లలు. మరిచిపోలేకపోవడమే నా బాధ. ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

అప్పుడు నల్లగొండ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేదాన్ని. మా విద్యార్థులు నలుగురు కలిసి చిన్న సంస్థ ఒకటి పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లలో మగ్గాల దగ్గరికే వెళ్లి దుపట్టాలు కొని ఆన్‌లైన్లో అమ్మేవారు. దళారులు లేకుండా నేసినవాళ్లకే మంచి ధర అందాలని వాళ్ల కోరిక. అందులో కల్మషం లేదు. ప్రతి దుపట్టాకు ఒక అట్ట చీటీ కట్టేవారు. దాని మీద నేసిన మనిషి ఫోటో, కింద ఇంగ్లీషులో నాలుగు వాక్యాల కథ. కొనేవాళ్లు గుడ్డ కంటే ముందు కథ చూస్తున్నారని వాళ్లకు తొందరగానే తెలిసిపోయింది.

వాళ్లలో పెద్దదిక్కు ఎస్తేరు. పానగల్ నుంచి బస్సులో వచ్చేది. తల్లి నాట్లకు, కలుపులకు కూలికి పోయేది. ఆ ఇంట్లో కాలేజీ దాకా వచ్చిన మొదటి మనిషి ఎస్తేరే.

ఆ ఏడాది వాళ్ల సంస్థ హైదరాబాదులో జరిగే విద్యార్థి సంస్థల పోటీలో చివరి దశకు చేరింది. మా కాలేజీకి అంతకు ముందెన్నడూ ఆ అదృష్టం పట్టలేదు. అయితే ఒక నిబంధన ఉంది. కాలేజీ తరఫున ఒక అధ్యాపకురాలో అధ్యాపకుడో స్వయంగా ఊరికి వెళ్లి, ఈ వ్యాపారం వల్ల ఎవరికీ అన్యాయం జరగడం లేదని చూసి రాసివ్వాలి. ఆ పని నాకు అప్పగించారు.

దుపట్టాలు నేసే భాగ్యమ్మ ఇంటికి వెళ్లాను. చీటీ మీద ఆమె ఫోటోయే అందరికంటే బాగా వచ్చింది. ముందు గదంతా మగ్గమే. దండెం మీద, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు చుట్టిన నూలు ఆరుతోంది. ఆ చుట్టడం భర్త సత్తయ్య పని. ఆరోజు ఆయన ఊళ్లో లేడు. భాగ్యమ్మ నాకు చాయ్ ఇచ్చి, బియ్యం డబ్బా వెనక దాచిన చీటీ తీసి చేతిలో పెట్టింది.

"గీ చీటీల ఏం రాసిన్రో మీకెర్కేనా మేడం?"

ఎరుకే. తాగుబోతు భర్త కొట్టే దెబ్బలు భరిస్తూ భాగ్యమ్మ ఒంటరిగా నేస్తోందని, ఈ దుపట్టా కొంటే ఆమెకు కొత్త బతుకు దొరుకుతుందని ఉంది.

"పక్కింటి పోరి ఇంటరు చదువుతది. అది చదివి చెప్పింది. మా ఆయన సుక్క ముట్టడు మేడం. నా మీద చెయ్యి లేపంగ నేనెన్నడు సూడలే. ఒంటరిగ నేస్తున్ననట. గాయన నూలు కట్టకుంటే నేనేం నేస్త?"

"మరి వాళ్ల ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టావు కదా భాగ్యమ్మా?"

"ఫోటో ఏస్తమన్నరు, పెట్టిన. గిది రాస్తరని నాకేమెరుక? మొన్ననే బిడ్డ పెండ్లి జేసినం. వియ్యపోళ్లు సూస్తే ఈయన మొఖం ఎట్ల ఎత్తుకుంటడు? గా పిల్ల మంచిదే, నేను తిడ్తలేను. జర తీసేయమని చెప్పుండ్రి."

"చెప్తాను. తీయిస్తాను," అన్నాను.

మర్నాడు ఎస్తేరును పిలిచి అడిగాను. నేల చూస్తూ, "అది మా నాయిన సంగతి మేడం. భాగ్యమ్మ ఎక్కువ ఏం చెప్పలే. ఏం రాయాల్నో తెల్వక మా ఇంట్ల జరిగింది రాసిన. తప్పయింది. ఇయ్యాలనే తీసేస్త," అంది.

ఇక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి నేను.

వద్దన్నాను. ఆ కథతో తీసిన వీడియో, ఆ చీటీలు అన్నీ పోటీకి పంపేశాం, ఇప్పుడు మారిస్తే మొత్తం అనుమానిస్తారు, పోటీ అయ్యాక మారుద్దాం అన్నాను. ఆమె ఇంకా నిలబడే ఉంది. "ఆమెకు తెలుసు, నేను మాట్లాడాను, ఫరవాలేదంది," అని కూడా అన్నాను. అప్పుడు వెళ్లింది. ఆ సాయంత్రమే నివేదికలో, కథను వాళ్ల భాషలో చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకున్నారా అన్న ప్రశ్నకు ఎదురుగా అవునని రాసి సంతకం చేశాను.

ఎందుకు చేశాను? కాలేజీ పేరు కోసమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఎస్తేరు భవిష్యత్తు కోసమని కూడా చెప్పుకున్నాను. అవేవీ పూర్తి నిజం కావు. ఆ పోటీలో గెలిస్తే మా విభాగానికి నన్నే పెద్దను చేస్తామని ప్రిన్సిపాల్ అన్నాడు. భాగ్యమ్మకు ఇంగ్లీషు రాదు, సత్తయ్యకు అసలే రాదు, హైదరాబాదు మాట ఆ ఊరి దాకా వస్తుందా అనుకున్నాను. పంతొమ్మిదేళ్ల పిల్లలు తప్పు చేస్తారు. ఆ తప్పును పట్టుకోవడానికే నన్ను పంపారు. పట్టుకున్నాను, పట్టుకుని జేబులో వేసుకున్నాను.

రెండో బహుమతి వచ్చింది. ఆ వీడియోను ఎవరో తెలుగులోకి మార్చి ఫోన్లలో పంచారు. వారం తిరగకముందే అది సత్తయ్య అల్లుడి ఫోన్లోకి వచ్చింది.

సత్తయ్య కాలేజీకి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ప్రిన్సిపాల్ గది బయట పొద్దుటి నుంచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గొంతు పెంచలేదు. "నేను తాగంగ సూసినోళ్లెవలో ఒక్కసారి నా ముంగటికి రమ్మనుండ్రి సార్," అన్నాడు. అంతే అడిగాడు.

ప్రిన్సిపాల్ నన్ను, ఎస్తేరును లోపలికి పిలిచి అడిగాడు. నాకు తెలియదన్నాను. పిల్లలు ఒప్పుకోలు ఉందంటే నమ్మి రాశానన్నాను. ఎస్తేరు నా వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. నేను ఇంకా ఏదో చెప్పబోతున్నానని, కాస్త ఆగితే చెబుతానని ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను బల్ల మీది కాగితాల వైపు చూశాను. చివరికి ఆమే, "రాసింది నేనే సార్," అంది.

అది నిజమే కదా. అందుకే ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఆమెను సంస్థలోంచి తీసేశారు. సత్తయ్య ముందు అందరిలో క్షమాపణ చెప్పించారు. ఆ ఏడాది ఆమె పరీక్షలకు రాలేదు. తర్వాత ఎక్కడో బట్టల దుకాణంలో పనిచేస్తోందని ఆమె స్నేహితురాలు చెప్పింది. ఫోన్ నంబరు కూడా ఇచ్చింది. ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నాకు అనుకున్న పదవి వచ్చింది. కొన్నాళ్లకు మహబూబ్‌నగర్‌లో ఇంకా మంచి ఉద్యోగం దొరికింది. ఇప్పుడు నా పనేమిటో వింటే మీకు అసహ్యం వేస్తుంది. విద్యార్థులు నడిపే సేవాసంస్థల్లో నీతిని ఎలా తూచాలో ఇతర కాలేజీల అధ్యాపకులకు శిక్షణ ఇస్తాను. అందులో ఈ చీటీ సంగతే ఉదాహరణగా చెబుతాను. "ఒక విద్యార్థిని తొందరపాటు" అని మొదలుపెడతాను. అందరూ శ్రద్ధగా రాసుకుంటారు.

మొన్న ఎండాకాలం నల్లగొండలో పని చూసుకుని బస్సులో హైదరాబాదు వెళ్తూ నార్కట్‌పల్లి దగ్గర హోటల్లో ఆగాం. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే గిన్నెలు తోముతూ భాగ్యమ్మ కనిపించింది. నేను తప్పుకుందామనుకునేలోపే గుర్తుపట్టింది.

"మంచిగున్నరా మేడం?" అని పైట కొంగుతో చేతులు తుడుచుకుంది. వియ్యంకుల ఇంట్లో విందు దగ్గర ఎవరో సత్తయ్య గ్లాసు వాసన చూసి నవ్వారట. వచ్చినంక నూలు ముట్టలేదట. మేళ్లచెరువులో సిమెంటు బస్తాలు మోసే పనికి పోయాడట. మగ్గం గుంటను మట్టితో పూడ్చేశారట.

"ఇప్పుడైతే తాగుతుండు మేడం," అంది. ఏ మార్పూ లేని గొంతుతోనే అంది.

నా ముఖం చూసి ఆమే నన్ను ఓదార్చబోయింది. "మీరేం జేస్తరు? మీరు చెప్పిన్రు. గా పిల్లనే ఇనలే. గంతేగదా?"

అవునన్నాను.

అవునన్నాను. బస్సు హారను కొడుతుంటే వెళ్లి ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని నీళ్లు తాగాను. కిందికి దిగలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించే అధికారం మీకు లేదు, అడిగే అర్హత నాకూ లేదు. ఎస్తేరు ఆ రాతను తీసేస్తానంది, నేను ఆపాను, ఆ తర్వాత నింద ఆమె మీదికి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఈ ఒక్క వాక్యం ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు, ఎవరి ముందూ పలకలేదు. ఇప్పుడు రాశాను. ఛాతీలో ఎప్పుడూ పట్టేసినట్టుండే చోట కొంచెం గాలి ఆడుతోంది.