నా దవడ, ఆయన పీరు

పదకొండేళ్ళుగా ఒక మాటను లోపలే పెట్టుకుని బతుకుతున్నాను. తింటున్నా, మిషను తొక్కుతున్నా, నలుగురిలో నవ్వుతున్నా అది అక్కడే ఉంటుంది. ఇంత బరువు ఎలా మోశానో నాకే తెలియదు. మీరెవరో కూడా నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ముందుగా ఒకటి చెప్పాలి. నాకు నా మొఖమంటే గర్వం. తప్పు ఒప్పుకోవడానికి కూర్చున్న మనిషి మొఖం గురించి మొదలుపెట్టిందేమిటి అనుకుంటారేమో, అనుకోండి. నా తప్పు పుట్టింది ఆ గర్వంలోంచే. దాన్ని పక్కన పెట్టి చెప్పలేను.

మాది ఆత్మకూరు దగ్గర ఒక ఊరు. దూదేకుల ఇల్లు. మా పెద్దవాళ్ళు దూది ఏకి పరుపులు కుట్టారు, నేను జాకెట్లు కుడతాను. ఊళ్ళో నన్ను మిషనామె అంటారు. నేను కుట్టిన జాకెట్టు చంకలో పట్టేసిందన్న ఫిర్యాదు ఇంతవరకూ ఒక్కటి రాలేదు. అంత పనిమంతురాలికి చిన్నప్పటి నుంచి ఒక లోపం. పై పళ్ళూ కింది పళ్ళూ కలిసేవి కావు. వెనక దంతాలు ఆనుకున్నా ముందు మాత్రం వేలు దూరేంత సందు మిగిలేది. దవడలే అలా పెరిగాయి. పెదాలు మూయాలంటే గడ్డం బిగబట్టాలి. ఉగ్గాని తినగలను గానీ పక్కనున్న మిరపకాయ బజ్జీని కొరకలేను, చేత్తో తుంచి లోపలికి తోసుకోవాల్సిందే. కుట్టుపని చేసేవాళ్ళంతా దారం పంటితో పుటుక్కున తెంపేస్తారు. నాకు ప్రతిసారీ కత్తెర కావాలి.

ఊరు ఊరుకుంటుందా? నోరు మూసుకోవే, ఈగలు దూరతాయి అనేవాళ్ళు. ఆడవాళ్ళే ఎక్కువ. నేను నవ్వేదాన్ని. నా మొగానికేం తక్కువ అని ఎదురు అడిగేదాన్ని. ఎవరి ముందూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. దీనికి రోషం ఎక్కువ అన్నారే తప్ప పాపం అని ఎవరూ అనలేదు. నాకు కావలసిందీ అదే.

మా ఆయన లారీ డ్రైవరు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలుతాడు. ఆయనదీ మా ఊరే. మా పీర్ల చావిడిలో పెద్దపీరును ఎత్తేది తరతరాలుగా వాళ్ళ ఇంటి మగవాళ్ళే. మొహర్రం రోజుల్లో పొడవాటి కర్రకు బిగించిన పీరుకు పట్టు దట్టీ గుడ్డలు, పూలు కట్టి ఎత్తుకుని వీధుల్లో నడుస్తుంటే, హిందువుల ఇళ్ళ ముందు కూడా బిందెలతో కాళ్ళకు నీళ్ళు పోస్తారు. ఆయన నాయన ఎత్తాడు, తర్వాత ఆయన ఎత్తాడు. పెళ్ళికి ముందు నేను ఆయన్ను నిండుగా చూసింది పీరు కింద నడుస్తున్నప్పుడే. మిగతా రోజుల్లో నలుగురు కూర్చుంటే వెనక కూర్చునే మనిషి. ఆ పది రోజులు మాత్రం వెన్ను నిలబెట్టి నడిచేవాడు.

ఒకసారి పంటి నొప్పికి కర్నూలు వెళ్తే డాక్టరు నా నోరంతా చూసి, దవడలు కోసి సరిచేయవచ్చు అన్నాడు. సరిచేయవచ్చా! ఇరవై ఏడేళ్ళ వయసులో ఆ మాట విన్నాను. ఏడాదిన్నర పళ్ళకు క్లిప్పులు వేసుకున్నాను. అడిగినవాళ్ళకు పంటి నొప్పి అని చెప్పాను. ఆపరేషన్ సంగతి ఒక్క మా ఆయనకే తెలుసు. ఆస్పత్రి వరండాలో ఆయన చేయి నా తల మీద పెట్టించుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. దేవుడిచ్చిన మొఖాన్ని కోయించుకుందంటారని భయమా? కొంత అది. అసలు కారణం వేరు. కోయించుకున్నానని తెలిస్తే, ఇన్నేళ్ళూ వాళ్ళ మాటలు నాకు తగిలాయని తెలిసిపోతుంది. అది నేను భరించలేను.

ఊళ్ళో ఎర్రగుంట్లకు పోతున్నామని చెప్పి కర్నూల్లో ఆపరేషన్ చేయించుకున్నాను. పై దవడా కింది దవడా రెండూ కోసి, జరిపి, చిన్న చిన్న పలకలు పెట్టి స్క్రూలు బిగించారు. పళ్ళను రబ్బర్లతో కట్టేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. అక్కణ్ణుంచి ఎర్రగుంట్లలో ఆయన అద్దె గదికి వెళ్ళాం. అద్దంలో చూసుకుంటే నేను లేను. బుగ్గలు ఉబ్బి చెవులు కనబడటం లేదు. కళ్ళ కింద నుంచి మెడ దాకా నలుపు, ఊదా, పచ్చ. కింది పెదవికి స్పర్శ లేదు. గడ్డం మీద జావ కారుతున్నా నాకు తెలిసేది కాదు, ఆయన తువ్వాలుతో తుడిస్తే తెలిసేది.

ఆయన బండి ఎక్కడం మానేశాడు. రాగిజావ కాచి, నేను లైనింగుకు వాడే మల్లుగుడ్డలో వడకట్టి, సిరంజితో చెంప పక్క నుంచి కొంచెం కొంచెంగా పోసేవాడు. పప్పుకట్టు కూడా అంతే, చారు కూడా అంతే. వాంతి వస్తే వెంటనే రబ్బర్లు కత్తిరించాలి, లేకపోతే ఊపిరాడదు, కత్తెర ఎప్పుడూ దగ్గర ఉండాలి అని డాక్టరు చెప్పాడు. నా దారాల కత్తెర ఆయన చొక్కా జేబులోకి చేరింది. స్నానానికి పోతే తప్ప అది జేబు దాటలేదు. నేను మాట్లాడాలంటే పలకా బలపమూ. నొప్పికి ఒక్కసారి కూడా మూలగలేదు నేను. ఇది గొప్పకే చెబుతున్నాను.

పన్నెండో రోజు మా నాయన సీతాఫలాల గంపతో వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. తలుపు తీసింది నేనే. గంప కింద పడింది. నాయన నన్ను చూశాడు, లోపల ఉన్న ఆయన్ను చూశాడు. ఇంకేమీ అడగలేదు. నేను పలక అందుకున్నాను గానీ నాయనకు చదువు రాదు. ఆ సాయంత్రానికే ఊళ్ళో పీర్ల చావిడి ముందు కూర్చున్నాం. మా ఆయన తనంతట తానే మా వెంట బస్సెక్కాడు. ఒక చేతిలో జావ డబ్బా, జేబులో కత్తెర.

అప్పుడు జరిగిన మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు.

"అడిగేదేముండాది తాతా? మొగం సూడు నా బిడ్డది, మొగం సూడు!" అన్నాడు నాయన.

ముజావరు తాత మా ఆయన వైపు తిరిగాడు. చావిడి చూసుకునేదీ, పంచాయితీ చెప్పేదీ ఈ తాతే. "నువ్వు చెప్పప్పా. ఏం జరిగిండాది?"

"ఆమెనే అడగండి తాతా," అన్నాడు మా ఆయన. "ఆమె ఏం చెప్తే అదే."

తాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "నోరు తెరవలేవని తెలుసులేమ్మా. తల ఊపు చాలు. ఈడు కొట్నాడా నిన్ను?"

చావిడి ముందంతా జనం. నన్ను ఈగలు దూరతాయన్న ఆడవాళ్ళంతా ముందు వరసలోనే ఉన్నారు. ఇటూ అటూ తల ఊపితే చాలు. ఊపితే తర్వాతి ప్రశ్న ఏమిటి? మరి ఇదేంటి అంటారు. ఆపరేషన్ అని రాయాలి. ఎందుకు అంటారు. వాళ్ళ కళ్ళముందు, వాళ్ళ మాటల వల్ల అని తెలిసిపోయేలా... లేదు. నేను తల ఊపలేదు. పలక తీసుకుని 'ఇంటికి పోదాం' అని రాశాను.

ఎవరో పైకి చదివారు. ఒక్కసారిగా ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. ఇంత దెబ్బ తిని కూడా మొగుడి వెంట ఇంటికి పోదామంటాండాదే, ఎంత ఓర్పమ్మా అన్నారు. నేను మా ఆయన వంక చూశాను. తల దించుకుని ఉన్నాడు. చేయి మాత్రం జేబు మీద ఉంది. అంతమంది అన్ని మాటలంటున్నా ఆయన కనిపెట్టుకుని ఉన్నది నాకు వాంతి వస్తుందేమోనని.

"ఆడదాని మీద చెయ్యెత్తినోడు పీరు ఎత్తగూడదు," అన్నాడు తాత. ఆ ఏడు నుంచి పెద్దపీరు ఆయన చిన్నాన్న కొడుకు చేతికి పోయింది.

ఇంటికి వచ్చాక ఆయన జావ డబ్బా మూత తీశాడు. జావ చల్లారిపోతుంది తాగు అన్నాడు. అరిచినా బాగుండేది.

ఆరు వారాలకు రబ్బర్లు తీశారు. అప్పుడు చెప్పొచ్చు కదా అంటారు. నాకు నేనూ అదే అడుక్కున్నాను. నోరు తెరుచుకుంది, మాట వస్తోంది, ఎవరు ఆపారు? వాపు దిగిపోయింది. నా మొఖం వచ్చింది, నేను ఎన్నేళ్ళో కలగన్న మొఖం. పెదాలు వాటంతట అవే మూతపడ్డాయి. ఒకరోజు మిషను మీద కూర్చుని దారాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని తెంపాను. పుటుక్కుమంది. మళ్ళీ తెంపాను. ఊరికే పది దారాలు తెంపి ఒళ్ళో పోసుకున్నాను. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు. ఊరు ఏమందో తెలుసా? దెబ్బలు తిన్నా దేవుడు చల్లగా చూసి మొఖం ఇంకా బాగు చేశాడంది. నా ఓర్పును మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు తియ్యగా ఉండింది. ఇదే అన్నిటికంటే చెప్పడానికి కష్టమైన మాట.

ఆ తియ్యదనానికి మరొకామె కూడా దండుగ కట్టింది. రెండేళ్ళ తర్వాత మా వెనక వీధిలో ఒకామె నిజంగానే దెబ్బలు తిని చావిడికి వచ్చింది. మిషనామెను చూసి నేర్చుకో, అంత దెబ్బ తిని కూడా ఇంటికి పోదామనింది అని చెప్పి పెద్దలు ఆమెను వెనక్కి పంపారు. నేను చూస్తూ ఉన్నాను. ఆమె జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. కొలతలు తీసేటప్పుడు నేను ఆమె కళ్ళలోకి చూడను.

ప్రతి ఏడూ పెద్దపీరుకు దట్టీ కుట్టేది నేనే. జరీ అంచు వేసి, నాకు వచ్చిన పనితనమంతా పెట్టి కుడతాను. ఆ రోజు మా ఆయన అందరితో పాటు పక్కన నిలబడతాడు. పీరు లేచేటప్పుడు ఆయన భుజాలు కూడా కొంచెం లేస్తాయి. ఆయనకు తెలియదు. నేను చూశాను. ఒకసారి ఉండబట్టలేక, అందరికీ చెప్పేస్తాను అన్నాను. "నీ ఇష్టం," అన్నాడు. వద్దని అనలేదు. నేను మాత్రం ఆయన వద్దన్నట్టే సర్దుకున్నాను. మా నాయన అల్లుడి చేతి మంచినీళ్ళు కూడా ముట్టకుండానే కన్నుమూశాడు. నాయనకూ నిజం చెప్పలేదు.

మరి ఇప్పుడెందుకు అంటే, నా కూతురి వల్ల. మూడో తరగతి. మొన్న బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా అడిగింది. "నాయన నీ దవడ పగలగొట్నాడంట గదమ్మా?"

లేదు అన్నాను. పదకొండేళ్ళకు నా నోటి వెంట ఆ మాట వచ్చింది.

"నువ్వు అట్లే చెప్తావంట. నీకు ఓర్పు శానా ఎక్కువంట."

ట్రంకుపెట్టె అడుగు నుంచి ఎక్స్‌రే తీసి చూపించాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుని స్క్రూలన్నీ లెక్కపెట్టింది. "నాయన పగలగొడితే డాక్టర్లు ఇట్ల అతికిచ్చినారా?" అంది. నా పాత మొఖం చూపిద్దామంటే ఫొటోలు లేవు. ఆపరేషన్ అయ్యాక నేనే చించేశాను. పెళ్ళి ఫొటో ఒక్కటి ఉంది, అందులో గడ్డం బిగబట్టి నోరు మూసుకుని ఉన్నాను. చక్కగా ఉన్నావే అంది.

ఆ ఆదివారం ఆయన బండి దిగి వస్తే పిల్ల ఎదురు పోలేదు. తలుపు వెనక్కి పోయి నిలబడింది. ఆయన తెచ్చిన బజ్జీల పొట్లం అరుగు మీద పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఊరంతా అన్ని మాటలన్నప్పుడు కూడా ఆయన మొఖం అలా కావడం నేను చూడలేదు.

అందుకే రాస్తున్నాను. నా పేరు రాయలేదు, ఆయన పేరూ ఊరి పేరూ రాయలేదు. అయినా ఆత్మకూరు పక్కన పీరు చేజారిన లారీ డ్రైవరు ఎంతమంది ఉంటారు? మా ఊరివాళ్ళ చేతిలో ఇది పడితే పోల్చుకుంటారు. పోల్చుకోవాలి. నా మాట నమ్మకపోతే కర్నూలు తీసుకుపోతాను, కోసిన డాక్టరునే అడగమంటాను. ఆయనకు పీరు తిరిగి ఇస్తారో లేదో నాకు తెలియదు. నా బిడ్డ తలుపు ముందుకు వస్తుందో లేదో తెలియదు. ఆయన నన్ను క్షమించాలని అడగడం లేదు, అడిగే మొఖం లేదు, ఇంత చక్కని మొఖం ఉండీ.

మా ఊరివాళ్ళారా, మీరు నన్ను ఎగతాళి చేసినప్పుడు నేను నవ్వాను. ఇంటికి పోయి ఏడ్చాను. నాకు తగిలింది. అందుకే నా ఇష్టంతో దవడ కోయించుకున్నాను. ఆయన నన్ను కొట్టలేదు.

రాసి చూస్తే ఇంతే ఉంది. ఆ రోజు పలక మీద పట్టేది.