రత్నం బాబాయి బిగించిన స్విచ్

మొన్న మధ్యాహ్నం ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో మిక్సీ వైరు కాలింది. పెద్ద ప్రమాదమేమీ కాదు, ప్లగ్గు పీకేసి కిటికీలు తెరిచాను. కానీ ఆ కాలిన వాసన గదిలో ఉన్నంతసేపూ నా కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలను అదిమే ఉంది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు గుర్తొచ్చేది రత్నం బాబాయే.

రెండువేల తొలి సంవత్సరాల్లో భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ దవాఖానాలో నేను నర్సుగా చేరాను. మాది జూలూరుపాడు. రత్నం బాబాయి అక్కడ జీపు డ్రైవరు. నాకు చుట్టం కాదు. దవాఖానాలో అందరూ ఆయన్ని బాబాయి అనేవారు, నాకూ అదే అలవాటైంది. యాభై దాటిన సన్నటి మనిషి, ప్రతిదానికీ భయమే. బయలుదేరే ముందు టైర్లు తట్టి చూసేవారు. స్టీరింగు మీద చేతులుంచి ప్రార్థన చేసుకునేవారు. ఆ తర్వాత మళ్లీ దిగి ఇంకోసారి తట్టి చూసేవారు.

ఆ జీపు ఎవరో దాత ఇచ్చిన పాతబండి. దాని మునుపటి యజమాని గేరుబాక్సు వెనక ఓవర్‌డ్రైవ్ అనే యూనిట్ విడిగా కొని బిగించుకున్నాడు. అన్ని గేర్లూ అయ్యాక పైన ఇంకో గేరు ఉన్నట్టన్నమాట. సాఫు రోడ్డు మీద ఇంజను అరవకుండానే బండి ఇంకా వేగంగా పోతుంది. వేగం అందుకోగానే అది దానంతటదే పడేలా డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న పెట్టె ఉండేది. అయితే దిగుడు రోడ్డులో అది పడితే మాత్రం ఇంజను బండిని ఆపి పట్టుకోదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఒక వానాకాలం గుట్ట మీది ఊరినుంచి నొప్పులు పడుతున్న ఒకామెను తీసుకొస్తున్నాం. వెనక సీట్లో ఆమె తలను నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దిగుడు సగంలో ఇంజను మోత ఒక్కసారిగా తగ్గింది, బండి ముందుకు జారింది. వానకు తడిసిన ఆ పెట్టె, పడకూడని చోట ఓవర్‌డ్రైవ్‌ను పడేసింది. బాబాయి గేరు తగ్గించి, బ్రేకు తొక్కి వదులుతూ, మళ్లీ తొక్కుతూ కిందిదాకా తెచ్చారు. బండి నిండా కాలిన వాసన. ఆమెకు కాన్పు క్షేమంగానే అయింది. ఆమెను లోపలికి చేర్చి నేను బయటికొచ్చేసరికి బాబాయి గోడ పక్కన వంగి వాంతి చేసుకుంటున్నారు.

డాక్టరుగారు బండిని ఖమ్మం పంపి ఆ యూనిట్ తీయించేద్దామన్నారు. వానాకాలంలో బండి లేకుండా ఎలా అన్నది బాబాయి బెంగ. ఆ పెట్టె వైరొక్కటి పీకేస్తే పోదా అని నేనడిగాను. సీరియస్ కేసును ఖమ్మం తీసుకుపోవాల్సి వస్తే సాఫు రోడ్డు మీద ఆ వేగం కావాలన్నారాయన. కావాల్సినప్పుడు వేసి, వద్దనుకున్నప్పుడు తీసేసే స్విచ్ మన చేతిలో ఉండాలన్నారు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పెట్టెను పీకేశారు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, దాని నుంచి రిలే, రిలే నుంచి యూనిట్‌కు కొత్త వైరు లాగారు. డ్యాష్‌బోర్డులో స్విచ్ బిగించారు; అది వేస్తే రిలే లోపల కరెంటు కలుస్తుంది, తీస్తే తెగుతుంది. వైరుకు టేపు చుడుతుంటే నేను పట్టుకున్నాను. వెనక్కి నడిపే గేరులో ఓవర్‌డ్రైవ్ పడితే యూనిట్ ముక్కలవుతుందని, ఆ గేరు వేయగానే కరెంటు తెగేలా ఒక కనెక్షన్ ఇచ్చారు. చివర్న డ్యాష్‌బోర్డులో ఒక ఎర్ర బల్బు పెట్టారు. దానికి కరెంటు స్విచ్ దగ్గర తీసుకుంటే పని సులువు. ఆయన మాత్రం యూనిట్ దగ్గరినుంచి తీసుకున్నారు.

"స్విచ్ తీసినమని మనమనుకుంటం. అక్కడ కరెంటు పోయిందో లేదో ఎట్ల ఎరుక? గందుకే అక్కడికెల్లి తెచ్చిన," అన్నారు.

రోడ్డు మీద వేసి, తీసి, ఎన్నోసార్లు చూసుకున్నాక, దిగి నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నారు. నేను కంగారుపడ్డాను.

"నాకేమన్నా అయితే బండిల ఉన్నోళ్లను ఎవరు దింపుతరు, బిడ్డా?"

మీకేం కాదు బాబాయ్ అన్నాను. అవుతుందని అనడం లేదని, అయితే ఏంది అని అడుగుతున్నానని అన్నారు. ఆ చలికాలం నాటికి నా చేతికి లైసెన్సు వచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు టీకాలు వేసి తిరిగొస్తుంటే, గుట్ట పైన సాఫు దారిలోనే బాబాయి బండి పక్కకు తీశారు. మొహమంతా చెమట, ఎడమ చెయ్యి ఛాతీ మీద. పక్క సీట్లోకి జరిగి నన్ను నడపమన్నారు. ఆస్ప్రిన్ నమిలించి నేను స్టీరింగు పట్టుకున్నాను. దిగుడు దగ్గరికి రాగానే స్విచ్ తీశాను. బల్బు ఆరలేదు. మళ్లీ వేసి తీశాను. ఆరలేదు. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. ఆలస్యమైతే మనిషి దక్కడు, అలాగే దిగితే బండి ఆగదు. ఎలాగో మెల్లగా దించుదామని క్లచ్చి తొక్కాను.

బాబాయి కళ్లు మూసుకునే ఉన్నారు. "గుట్ట దిగకు. బల్బు ఆరేదాంక దిగకు," అన్నారు.

రిలే లోపల అతుక్కుపోయి కరెంటును వదలడం లేదని అప్పటికి తట్టింది. బండి ఆపి, బానెట్ ఎత్తి ఫ్యూజు పీకాను. వచ్చి చూస్తే బల్బు ఆరిపోయి ఉంది. రెండో గేరులో, ఇంజను గట్టిగా మూలుగుతుండగా, గుట్ట దిగాం. దవాఖానాలో డాక్టరుగారు ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి, తానూ జీపెక్కారు. సాఫు రోడ్డు రాగానే నేను దిగి ఫ్యూజు మళ్లీ పెట్టాను. ఖమ్మం దాకా ఇంకెక్కడా ఆగలేదు.

బాబాయి బతికారు. మళ్లీ బండి మాత్రం నడపలేదు. వేంసూరులో కూతురి దగ్గర ఉండిపోయారు. కొన్నాళ్లకు చూడబోతే నా ఆరోగ్యం, మా వాళ్ల బాగోగులు అడిగారు. జీపు ఎవరు నడుపుతున్నారన్నారు. నేనే అని కొంచెం గర్వంగానే చెప్పాను.

"మంచిది బిడ్డా. మరి నీకేమన్నా అయితే?"

దవాఖానాకు తిరిగొచ్చిన వారంలోనే కొత్తగా చేరిన నర్సును డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. ఆ తర్వాత ఎన్ని ఉద్యోగాలు మారినా, ఎక్కడ పనిచేసినా, నాకు తెలిసిన పని ఇంకొకరికి వచ్చేదాకా నాకు నిద్ర పట్టదు. ఇప్పుడూ ఒకమ్మాయి నా దగ్గర బండి నేర్చుకుంటోంది. పక్కన కూర్చున్నంతసేపూ నాకు భయంగానే ఉంటుంది. స్టీరింగు మీద మాత్రం చెయ్యి వేయను.