ఎడ్వర్డుకు కప్పని శాలువా

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, కోరుట్ల దీక్షా శిబిరంలో ఏ రోజు ఎవరు కూర్చున్నారో రాసే పని నాకు అప్పగించారు. సిరిసిల్లలో హెడ్మాస్టరుగా రిటైరైన వాణ్ణి. దస్తూరి గుండ్రంగా ఉంటుంది, ఉపవాసం ఉండే ఆరోగ్యం లేదు. ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఒకరోజు జగిత్యాల వైపు నుంచి ఇళ్లు కట్టే సుతారి ఒకాయన వచ్చాడు. పేరడిగితే ఎడ్వర్డ్ అన్నాడు. పక్కనే ఉన్న శిబిరం అధ్యక్షుడు ఉలిక్కిపడ్డాడు. ఆయన బట్టల దుకాణం బోర్డు మీద లండన్ అని ఉంటుంది. అది వ్యాపారం, వేరే సంగతి.

“మన భాష, మన యాస అనుకుంట కూసున్నం. గీ పేరు మైకుల చదివితే ఏం బాగుంటది తమ్మీ? ఎవరు గాయన, ఇంగ్లండు రాజా?”

“రాజు గాదన్నా, డాక్టరు” అన్నాడు సుతారి. “కాన్పు కష్టమైతే మా అమ్మను ముట్టింది గా మిషన్ దవాఖాన డాక్టరొక్కడే. ఊర్ల మంత్రసాని మా గడప తొక్కలే. గాయన పేరే మా అమ్మ నాకు పెట్టింది.”

“మంచిదే. గీ ఒక్క దినం యాదగిరి అనుకో. సార్, రాయుండ్రి.”

సుతారి నా వంక చూశాడు. నేను గుండ్రంగా యాదగిరి అని రాశాను. మైకులో యాదగిరిని పిలిచి, ఎడ్వర్డ్ మెడలో దండ వేశారు. సాయంత్రం దాకా మంచినీళ్లతో కూర్చున్నాడు. ఆకలి మటుకు సొంతదే.

ఇంటికెళ్లి నిఘంటువు చూశాను. పాత ఇంగ్లీషులో ఎడ్వర్డ్ అంటే సంపదకు కావలివాడట. ఆయనకు గుంట భూమి లేదు. అయితే జీవితమంతా ఇతరుల ఇళ్లకే గోడలు లేపాడు గనక అర్థం మరీ తప్పేమీ కాదు.

రాష్ట్రం వచ్చాక శిబిరంలో కూర్చున్న వాళ్లందరికీ సన్మానం పెట్టారు. అధ్యక్షుడు నా రిజిస్టర్ చూసి పేర్లు చదివాడు. యాదగిరి అని మూడుసార్లు పిలిచినా, మూడో వరుసలో ఉన్న సుతారి కదల్లేదు.

“లే తమ్మీ, నువ్వే గదా!”

“నేను కాదన్నా. గాయన అస్తే గాయనకే కప్పుండ్రి.”

జనం నవ్వారు. అధ్యక్షుడు నావైపు తిరిగి, “రిజిస్టర్ల గదే ఉన్నది గద సార్?” అన్నాడు. ఉన్నదన్నాను. అబద్ధం చెప్పలేదు.

శాలువా మిగిలింది. యాదగిరి వస్తే ఇవ్వమని నాకే అప్పగించారు. ఆయన్ను పుట్టించింది నా కలమే మరి.

ఇంటికొచ్చి ఆనాటి డైరీ తీశాను. అందులోనూ యాదగిరే. రిజిస్టర్ చూసే ఎక్కించుకున్నాను కదా. ఆ పేరు కొట్టేసి ఎడ్వర్డ్ అని రాశాను. మైకు లేదు, వినేవాళ్లు లేరు. అలాంటి చోట నాకు ధైర్యం ఎక్కువ.