ఇంకేం తిన్నారు?

మా డాక్టరమ్మకు ఎదురుపడిన ఏ మనిషీ నిన్న తనేం తిన్నాడో చెప్పకుండా తప్పించుకోలేడు. చెప్పినా తప్పించుకోలేడు. ఎంత చెప్పినా ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి "ఇంకా?" అంటారు.

అది ఆవిడ ఉద్యోగమే, కాదనను. గడ్డకట్టే చలిలో, మాడ్చే ఎండలో కాపలా కాసే సైనికులు ఏం తింటే ఎంత దూరం నడవగలరో, ఎంత బరువు మోయగలరో తేల్చే పరిశోధనశాల మాది. మనుషులు తిన్నది మర్చిపోతారు, లేదా మార్చి చెబుతారు. కాబట్టి గుచ్చిగుచ్చి అడగాలి. కానీ ఆ అడగడం సాయంత్రం అయిదింటికి ఆగాలి కదా. పదకొండేళ్ళుగా ఆవిడ పక్కన కూర్చుని ఆ జవాబులన్నీ రాస్తున్న టెక్నీషియన్ని నేను. నా ప్రాణం విసిగిపోయింది.

ఒకసారి చలిగది మోటారు చెడిపోతే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. స్టూలెక్కాడో లేదో, నిన్న పొద్దున ఏం తిన్నావని మొదలుపెట్టారు. రెండు రొట్టెలన్నాడు. ఇంకా? గుడ్డు. ఇంకా? టీ. టీలో చక్కెర ఎన్ని చెంచాలు, చెంచా ఎంత పెద్దది, నిండుగానా, వెలితిగానా? ఆ చెంచా సైజు కనుక్కోవడానికి అతను స్టూలు మీదినుంచే ఇంటికి ఫోన్ చేశాడు. మోటారు మర్నాటికి గానీ బాగుపడలేదు.

అంతెందుకు, ఆవిడ కూతుర్ని చేసుకుంటానని ఒకాయన మొదటిసారి ఇంటికొచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, నా ఖర్మ. పాపం, మూడో ప్రశ్నకే చెమటలు పట్టి, అడగని సిగరెట్ల సంగతి కూడా ఒప్పేసుకున్నాడు.

"సిగరెట్ తినేది కాదు బాబూ" అన్నారావిడ. "ఇంకా?"

పెళ్ళయింది లెండి. ఆ అల్లుడు ఇప్పటికీ అత్తగారింటికి వచ్చేముందు నిన్నటి తిండి చీటీ మీద రాసుకొస్తాడు.

ఇక అసలు సంగతి. ఆ ఏడు కొత్తరకం తిండి బార్‌ను పరీక్షించే పని మాకు వచ్చింది. గింజలు, కొవ్వు, చక్కెర కలిపి అచ్చుపోసిన కడ్డీ అది. మంచుకొండల మీదికి వెళ్ళబోయే దళం నుంచి పన్నెండుమంది సైనికులు వచ్చారు. సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువనున్న చలిగదిలో, వీపున మూట వేసుకుని పదిరోజులు నడవాలి. రోజుకి ఆరు బార్లు తినాలి. ఎవరెంత తిన్నారో, ఎంత తగ్గారో మేం రాయాలి.

వాళ్ళలో ఒక పొడుగాయన ఆరోరోజుకి మూడు కిలోలు తగ్గాడు. కాగితం చూస్తే ఆరుకి ఆరూ తిన్నట్టే ఉంది. ఖాళీ రేపర్లు కూడా లెక్కప్రకారం తిరిగొచ్చాయి. త్రాసు పాడయిందేమో అన్నాను. త్రాసుకి అబద్ధమాడే అవసరమేముందని డాక్టరమ్మ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

గంటంబావు సాగింది. ఎక్కడ కూర్చుని తిన్నారు, ఏ చివర ముందు కొరికారు, మధ్యలో నీళ్ళు తాగారా. అన్నిటికీ ఆయన టకటకా చెప్పాడు. ఈవిడ వదిలిపెడితే కాస్త టీ తాగుదామని నేను గడియారం చూస్తున్నాను.

"ఏ వైపు పళ్ళతో నమిలారు?"

ఆయన చెయ్యి దానంతటదే ఎడమ దవడ మీదికి వెళ్ళింది.

రెండోరోజే చలిగదిలో ఆ బార్ కొరకబోతే పన్ను చీలిందట. అప్పట్నుంచీ బార్లు మరుగుదొడ్లో పడేసి, రేపర్లు తెచ్చిస్తున్నాడట. చెబితే ఫైల్లోకి ఎక్కుతుంది, ఎక్కితే దళంలోంచి తీసేస్తారని భయం.

"పన్ను పోతే పోయింది మేడమ్" అన్నాడు తల వంచుకుని. "ఎనిమిదేళ్ళు కలిసి నడిచినవాళ్ళం. నన్నొదిలి వాళ్ళు కొండెక్కితే నేనిక్కడ కూర్చుని ఏం చెయ్యాలి?"

నేను రాసుకుంటూనే ఉన్నాను. డాక్టరమ్మ నా కలం మీద చెయ్యి పెట్టి, చాలన్నారు. ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

లేచి వెళ్ళి చలికోటు తొడుక్కున్నారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చలిగదిలోకి వెళ్ళి, అరలోంచి ఒక బార్ తీసి, బల్ల మీద కూర్చుని కసిగా కొరికారు. అద్దానికి ఇవతల నిలబడ్డ నాకు కూడా టక్కుమని వినబడింది.

ఆ మధ్యాహ్నం దంతవైద్యుడి గది బయట బెంచీ మీద ఆవిడా, పొడుగాయనా చెరో బుగ్గా పట్టుకుని కూర్చున్నారు. ఆయన పన్ను వారంలో బాగైంది. నివేదికలో డాక్టరమ్మ ఆయన లెక్కలు పక్కన పెడుతూ, బార్ గట్టిగా ఉండి తినలేకపోయాడని ఉన్నదే రాశారు. రుజువుగా మాత్రం తన పన్నే చూపించారు.

సమావేశంలో, బార్ తయారుచేసినవాళ్ళ తరఫున వచ్చిన పెద్దమనిషి, ఒక్క పన్ను విరిగితే అది రుజువెలా అవుతుందన్నాడు. అప్పుడే చలిగదిలోంచి తీసిన బార్‌ను ప్లేట్లో పెట్టి ఆయన ముందుకి జరిపారు డాక్టరమ్మ. అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడే భోంచేసి వచ్చానన్నాడాయన. ఏం తిన్నారని ఆవిడ మొదలుపెట్టబోతుంటే నేను బల్ల కింద ఆవిడ కాలు తొక్కాను.

నెలలో మెత్తటి బార్ వచ్చింది. పొడుగాయన తనవాళ్ళతోనే కొండెక్కాడు.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. పక్కగదిలోనే గట్టితనం కొలిచే మెషిన్ ఉంది. బటన్ నొక్కితే అంకె చెబుతుంది. దాంట్లో పెట్టాల్సింది నోట్లో పెట్టుకోవడమేమిటని ఆవిడ మీద కేకలేశాను.

ఆవిడ కొత్త పన్నుని నాలుకతో తడుముకుంటూ నవ్వారు.

"మెషిన్ అంకె చెబితే, గట్టి పళ్ళున్నవాళ్ళని ఏరి పంపమంటారమ్మాయ్. డాక్టరు పన్ను విరిగితేనే, బార్‌ను మారుస్తారు."