మునిరత్నమ్మవ్వ చారల బీట్‌రూట్

ఈ ఉదయం ఫ్రిజ్ కింది అర లాగగానే మట్టి వాసన వచ్చింది. తొలి వానకు లేచే వాసన కాదది. చాలా రోజులు గోనెగుడ్డలో చుట్టి ఉంచిన మట్టి చల్లగా, కాస్త తియ్యగా వేసే వాసన. మా ఇంటికి వచ్చినవాళ్ళెవరైనా మంచినీళ్ళ సీసా కోసం ఆ ఫ్రిజ్ తెరిస్తే ముఖం అదోలా పెడతారు. కూరగాయలు కడిగి పెట్టుకుంటే బాగుంటుందని ఒకరిద్దరు మర్యాదగా సలహా కూడా ఇచ్చారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ గుడ్డలో ఉన్నవి ఆరు బీట్‌రూట్లు. వాటిని కడగకూడదు, కోయకూడదు, వండకూడదు. ఫిబ్రవరి నెలాఖరు దాకా అవి అక్కడ పడుకుని ఉండాలి. ఈ సంగతి నాకు నేర్పింది మునిరత్నమ్మవ్వ. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. హోసూరు శివార్లలోని జూజువాడిలో మా పాత వీధి దాటితే ఆమె పేరు తెలిసినవాళ్ళే తక్కువ.

పెళ్ళయిన ఏడాదికి నేనూ మా ఆయనా ఒంగోలు వైపు నుంచి తమిళనాడులోని హోసూరు వచ్చాం. ఇద్దరివీ ఫ్యాక్టరీ ఉద్యోగాలే. నాది క్వాలిటీ విభాగం. రోజంతా లైటు కింద చిన్న చిన్న ఇనుప భాగాలను తిప్పి చూసి, గీత ఉన్నదాన్నీ సొట్ట ఉన్నదాన్నీ ఎర్ర డబ్బాలో పడేయడం నా పని. బాగా చేసేదాన్ని, కాస్త గర్వంగానే చెబుతున్నాను. కాకపోతే ఆ పని వల్ల ఇంటికి వచ్చాక కూడా మనుషుల్లో గీతలూ సొట్టలూ వెతికే జబ్బు పట్టుకుంది. మా ఆయన తువ్వాలు ఆరేసే తీరు మొదలుకొని మా అత్తయ్య కూరగాయలు తరిగే తీరు దాకా నా ఎర్ర డబ్బాలో పడనిది లేదు. అత్తయ్య బీట్‌రూట్ తలను బొటనవేలంత మందంగా కోసి అవతల పడేసేది. సగం కాయ పారేస్తోందని లోలోపల సణుక్కునేదాన్ని. ఈ సణుగుడు గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మేం అద్దెకు దిగిన పై వాటా మునిరత్నమ్మవ్వ వాళ్ళది. వాళ్ళు తరతరాలుగా ఆ చుట్టుపక్కల సేద్యం చేసుకునే తెలుగువాళ్ళు. కొడుకు ఊరి బయట చేలో రోజాలు పండించేవాడు. ఇంటి వెనక నాలుగు మళ్ళ పెరడు మాత్రం అవ్వది. హైవే మీద లారీల రొద పగలంతా వినబడుతూనే ఉండేది. అవ్వ ఆ రొదలోనే గొంతుకూర్చుని కలుపు తీసుకునేది. నేను దిగిన కొత్తలో పలకరించే దిక్కు లేక మెట్ల మీద కూర్చుని ఆమెనే చూస్తూ ఉండేదాన్ని. వారం చూశాక ఆమే తలెత్తి అంది.

"ఏందమ్మా, ఊరికే చూస్తావు? ఈడికొచ్చి చెయ్యి పెట్టు."

ఆ రోజు మడిలో ఉన్నవి బీట్‌రూట్ మొలకలు. మీరు బీట్‌రూట్ గింజను చూశారో లేదో, మిరియపు గింజంత ఉండి, ఎండిన మట్టి బెడ్డలా గరుకుగా ఉంటుంది. అది ఒక్క గింజ కాదు. రెండు మూడు గింజలు కలిసి అతుక్కుపోయిన ముద్ద. ఒకటి నాటితే గుంపుగా మొలుస్తాయి. గుంపుకొకటి ఉంచి మిగతావి పీకెయ్యమంది. నా వల్ల కాలేదు. ఎర్రటి కాడలతో, రెండేసి ఆకులతో అన్నీ చక్కగానే ఉన్నాయి. ఇనుప ముక్కల్ని డబ్బాల కొద్దీ అవతల పడేసే నేను అరగంటకు మూడు మొలకలు పీకాను.

"అన్నిట్నీ వదిలేస్తే ఒకదానికీ గడ్డ ఊరదమ్మా," అంది అవ్వ. "పీకినవి పారేస్తామా ఏం? పప్పులో ఏసుకో. బో రుచిగా ఉంటాది."

ఆ పూట పప్పు నిజంగానే బాగుంది. మర్నాడు షిఫ్టు అవగానే నేనే పెరట్లోకి దిగాను. ఆ రోజు నుంచి హోసూరు నాకు పరాయి ఊరు కాలేదు.

ఆ బీట్‌రూట్ కథ అవ్వ ఒక్కసారిగా చెప్పలేదు. కలుపు తీస్తూ, నీళ్ళు పెడుతూ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆమె పెద్దన్న ఊటీలో ఒక బంగళా తోటలో పనిచేసేవాడట. అక్కడి నుంచి తెచ్చిన విత్తనమది. అడ్డంగా కోస్తే లోపల ఎరుపు, తెలుపు చారలు గుండ్రంగా ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి. అంగట్లో దొరికే రకం కాదు. బీట్‌రూట్ నాటిన ఏడాది గడ్డ మాత్రమే ఊరుతుంది, చలికాలం గడిచాకే పూతకు వచ్చి గింజ కడుతుంది. హోసూరు చలి దానికి చాలదు. అందుకని ఏటా మంచి గడ్డలను ఏరి అన్న ఊటీ బస్సులో తీసుకుపోయేవాడు. అక్కడ నాటి, గింజలు కట్టాక తిరిగి తెచ్చి ఇచ్చేవాడు. ఇలా ముప్పై ఏళ్ళు గడ్డలు కొండెక్కాయి, గింజలు కొండ దిగాయి. తర్వాత అన్న పోయాడు. డబ్బా అడుగున మిగిలిన పాత గింజలన్నీ ఆ ఏడు అవ్వ చల్లేసింది. మొలిచినవి తొమ్మిది గింజలు. నేను పీకడానికి జంకిన మొలకలు అవే.

డిసెంబరులో గడ్డలు తీశాం. విత్తనానికి ఏవి ఉంచాలో ఏరమని అవ్వ నన్నే అడిగింది. నేను పెద్దవి పక్కన పెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"లావుది కాదమ్మా. నున్నగుండి, తోక సన్నగుండేది చూడు. నీ కండ్లు మంచివి, నిదానంగా చూడు."

ఐదు ఏరాను. నా కళ్ళను ఎర్ర డబ్బా కోసం కాక ఇంకోదానికి వాడమన్నది ఆమె ఒక్కతే. ఆకులు రెండు వేళ్ళంత ఉంచి కోసి, గడ్డలు కడక్కుండానే గోనెగుడ్డలో చుట్టి, నేరుగా మా ఇంటికి మెట్లెక్కి వచ్చింది. అప్పటికి మేం కొత్తగా ఫ్రిజ్ కొన్నాం.

"మా ఇంట్లోనూ ఈ పెట్టె ఉండాది, దాని నిండా నా కొడుకు రోజాపూలే. నా గడ్డలకు జాగా లేదు. ఊటీకి పంపిచ్చేదానికి ఇప్పుడు నాకు ఎవురుండారు? రెండు నెల్లు మీ పెట్టెలో పండుకోనీ. చలికి చలే గదా!" అంటూ గుడ్డ నా చేతిలో పెట్టింది. "ఇంట్లో అందురికీ చెప్పిపెట్టమ్మా. మా అన్న చేతి విత్తనం ఇంగ ఇంతే ఉండేది."

మా ఆయనకు చెప్పాను. జనవరి చివర్లో మమ్మల్ని చూడడానికి వచ్చిన అత్తయ్యకు చెప్పలేదు. మట్టి కొట్టుకుపోయిన గోనె మూటను ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాను. అత్తయ్య సంగతి తెలిసి కూడా అలా అనుకోవడం నాదే తప్పు. ఆమె ఎవరింటికి వెళ్ళినా ముందు వంటిల్లు కడిగే మనిషి.

ఓ రోజు ఉదయం షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్ తళతళలాడుతోంది. పొయ్యి మీద కొబ్బరి వేసిన కూర ఉంది. లేత గులాబీ రంగులో ఉన్న ఆ కూర ఏమిటో చూడగానే అర్థమైపోయింది.

"అన్నీ వాడిపోయాయమ్మాయ్. లోపలంతా తెల్ల చారలు కూడా పట్టేశాయి. ఇంకో రెండ్రోజులుంటే పారేయాల్సొచ్చేదని వండేశాను," అంది అత్తయ్య సంతోషంగా. "కింద పెద్దావిడక్కూడా గిన్నెడు ఇచ్చొచ్చా."

నేను కిందికి పరుగెత్తాను. అవ్వ వరండాలో అన్నం తింటోంది. పళ్ళెంలో ఆ కూరే ఉంది.

"అవ్వా, అది..."

"తెలుసునమ్మా," అంది. "అంగడి బీట్‌రూటైతే అన్నమంతా ఎర్రగయితాది. ఇది కాలేదు."

ఆమె లేచి నన్ను తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంగుతో ఒత్తుకుంది. మళ్ళీ ముద్ద కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తినేసింది. "మీ అత్త చెయ్యి మంచిది. బాగా చేసినాది," అంది. చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను అడిగింది.

"తలలు యాడ?"

నాకు అర్థం కాలేదు.

"తరిగేటప్పుడు తలలు కోసి పడేసుంటాది గదా. చిగురు వచ్చేది దాంట్లోంచే. యాడ పడేసినాది?"

మా వీధిలో తొక్కలన్నీ మెట్ల కింద కుడితి బకెట్టులో వేసేవాళ్ళం. మూడింటికి పాలామె వచ్చి తన ఆవులకు తీసుకుపోయేది. అప్పటికి రెండున్నర దాటింది. ఇద్దరం బకెట్టు ముందు కూర్చున్నాం. అవ్వ మోచేతి దాకా చెయ్యి ముంచి, గంజిలో నానుతున్న తొక్కల్లోంచి ఒక్కొక్కటే తీసింది. ఐదు తలలూ దొరికాయి. ప్రతిదానికీ బొటనవేలంత మందాన గడ్డ అతుక్కుని ఉంది. పొదుపుగా పలచగా కోసే నా చేతిలో పడి ఉంటే ఒక్కటీ దక్కేది కాదు. అన్నాళ్ళు సణిగిన నా సణుగుడంతా ఆ బకెట్టులోనే కలిసిపోయింది.

వెనకే దిగి వచ్చిన అత్తయ్యకు విషయం తెలిసింది. "నా చేతులు విరిగిపోనూ," అనుకుంది. అవ్వ ఆమె చేతిలో బూడిద గిన్నె పెట్టింది. "ఆ చేతుల్తోనే కోసిన చోట ఇది పూయి వొదినా. రేపు నీడన ఆరబెట్టి, ఎల్లుండి నాటుదాం."

అత్తయ్య తిరుగు టికెట్టు రద్దు చేయించుకుంది. ఉదయం లేస్తూనే ఆ ఐదు తలల దగ్గరికి పోయేది. వారానికి ఒకటి మెత్తబడింది. తర్వాత ఇంకో రెండు కుళ్ళిపోయాయి. మిగిలిన రెండింటిలో ఒకటి దిట్టంగా చిగురేసింది, రెండోది ఉంటుందో పోతుందో తెలియకుండా ఉంది. ఒకటి చాలదా అని అడిగాను. చాలదంది అవ్వ. ఒంటరిగా ఉంటే దానికి గింజ సరిగా పట్టదట, పక్కన ఇంకోటి పూయాలట. అత్తయ్య ఆ నీరసపు మొక్కకు తాటాకు నీడ కట్టింది, చెంబుతో కాకుండా చేత్తో నీళ్ళు చల్లింది. ఏప్రిల్‌కు రెండూ నా నడుమెత్తు పెరిగి పూశాయి. ఆకుపచ్చటి, కంటికి ఆనని పూలవి. వాటికి తేనె వాసన ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఆ సాయంత్రాలు అత్తయ్య, అవ్వ, నేను పెరట్లో టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. వాళ్ళిద్దరి తెలుగూ ఒకరిదొకరికి వింత. ఎవరి మాటకు ఎవరు నవ్వుతున్నారో తెలిసేది కాదు. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

జూన్‌లో కాడలు ఎండాక దులిపితే దోసెడు గింజలు వచ్చాయి. అవ్వ వాటిని మూడు పొట్లాలు కట్టింది. ఒకటి తనకు, ఒకటి నాకు, మూడోది అత్తయ్యకు. అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకెందుకండీ? వండి తగలేసినదాన్ని."

"అందుకే నీకు," అంది అవ్వ. "నువ్వు ఇంగ సచ్చినా దీన్ని పోగొట్టవు."

అవ్వ సర్దిచెప్పడానికే అలా అందనుకున్నాను. ఆ అక్టోబరులో నేను ఆశకొద్దీ నా పొట్లమంతా ఒకేసారి చల్లాను. వారం రోజులు వదలని వాన. మొలకలన్నీ మొదలు కుళ్ళిపోయాయి. అవ్వ మడీ అంతే. "డబ్బాలో ఇంగా కొన్ని ఉండాయిలే, వచ్చే ఏడు చూద్దాం," అంది. వచ్చే ఏటికి అవ్వ లేదు. జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. డబ్బా కోసం కొడుకూ నేనూ ఇల్లంతా వెతికాం. సర్దేటప్పుడు ఎవరు ఖాళీ డబ్బా అనుకుని పారేశారో తెలియదు. అత్తయ్యకు ఫోన్ చేసి, అంతా అయిపోయిందని ఏడ్చాను.

"అయిపోవడమేంటి? నా పొట్లం ఉందిగా," అంది అత్తయ్య. ఒంగోలు ఎండల్లో అది పండదని ఆమెకు తెలుసు. అయినా పూజ అరలో, కుంకుమ భరిణె పక్కన దాచింది. దాన్ని కొంగున ముడివేసుకుని రైలెక్కి వచ్చింది. ఇప్పుడు నా ఫ్రిజ్‌లో పడుకున్న ఆరూ ఆ పొట్లం సంతానమే.

పోయిన నెల ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, ఎర్ర డబ్బాలో పడేసిన ముక్కల్ని మంచివాటిలో కలిపేసింది. అంతా ఆమె మీద పడ్డారు. నేను ముందు ఎన్ని డబ్బాలు ఇంకా గేటు దాటలేదో కనుక్కుని, వాటిని వెనక్కి తెప్పించి, ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఏరాను. మళ్ళీ అలా కలవకుండా ఎర్ర డబ్బాకు వేసిన తాళం ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరే ఉంది. అది నా గొప్పేమీ కాదు. నష్టం జరిగిందని తెలిసిన క్షణాన ఎవరిది ఈ తప్పు అని నా నోటి దాకా వచ్చే మాట ఇప్పటికీ వస్తుంది. దానికంటే ఒక్క అడుగు ముందు అవ్వ గొంతు వస్తుంది, అంతే.

అత్తయ్య ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. అంగట్లో కొన్న మామూలు బీట్‌రూట్ వండినా సరే, నేను కత్తిపీట ముందు కూర్చోగానే హాల్లోంచి కేకేస్తుంది. తన ఒంగోలు యాస పక్కన పెట్టి, అచ్చం అవ్వలాగే అడుగుతుంది, "తలలు యాడ?" అని. నేను మందంగా కోసి, తీసుకెళ్ళి చూపిస్తాను.