బహద్దూరి బిళ్ళ

ఆ రోజుల్లో నేను ఇత్తడిని నమ్మినంతగా మనిషిని నమ్మేవాణ్ణి కాదు. నల్లగొండలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ బిళ్ళలు పోగుచేసే పిచ్చిలో పడ్డాను. సైకిల్ స్టాండు బిళ్ళలు, హోటల్ టోకెన్లు, పాతకాలపు బంట్రోతుల పట్టీ బిళ్ళలు, ఏదో బడిలో పరుగుపందెంలో రెండో బహుమతిగా ఇచ్చిన మెడల్ (ఎవరు పరుగెత్తారో ఇప్పటికీ తెలియదు), అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేవాణ్ణి. ఊరికి పోయేటప్పుడు మూత మీద ఒక వెంట్రుక పెట్టి పోయేవాణ్ణి. వచ్చేసరికి అది లేకపోతే, గదిలో ఉండే దోస్తును రెండు రోజులు దొంగను చూసినట్టు చూసేవాణ్ణి. పైన ఫ్యాను తిరుగుతుందన్న సంగతి నాకు తట్టేది కాదు.

ఒకసారి సెలవులకు నకిరేకల్ దగ్గర మా ఊరికి పోతే, మా అవ్వ సందూకులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి, "మీ తాత బహద్దూరి బిళ్ళరా, పైలంగ పెట్టు" అని నా చేతిలో పెట్టింది. మీద ఉర్దూ అక్షరాలు, పైన తాడు కోసం చిల్లు. నాకు అంతే చాలు. మిగతా లడాయి అంతా నేనే చేయించాను. తాతను నిజాం ఫౌజులో చేర్చి, గుర్రమెక్కించి, కాలికి తూటా కూడా తగిలించాను (ఆయన కుంటింది బండి చక్రం కాలి మీదకు ఎక్కడం వల్లనట). కాలేజీ వార్షికోత్సవంలో నా బిళ్ళలు ప్రదర్శనకు పెడతామన్నారు. కింద చీటీ రాయాలంటే ఆ అక్షరాలేమిటో తెలియాలి. నకిరేకల్ బజారులో గడియారాలు బాగుచేసే చాచా దగ్గరికి పోయాను.

చాచా కంటికి అద్దం బిగించి చూశాడు. "ఎవరిది బేటా గిది?"

"మా తాతది చాచా. లడాయిల ఇచ్చిండ్రు."

అద్దం తీసి నన్ను చూశాడు, మళ్ళీ బిళ్ళను చూశాడు. మీసం కింద నవ్వులాంటిదేదో కదిలింది. "అక్షరాలు అరిగినయి. రేపు రా, సాఫ్ జేసి చెప్త."

నవ్వెందుకు? రేపెందుకు? అందులో బంగారం గానీ కలిసిందా? అనుమానం పెనుభూతమంటారు గానీ, నా దగ్గర అది ఇంటి మనిషి. ముందుచూపుతో బిళ్ళ వెనక కంపాసు ముల్లుతో ఒక గీత గీసే ఇచ్చాను. అయినా మనసొప్పక ఎదుటి బజ్జీల కొట్టు బల్ల మీద సాయంత్రం దాకా కాపలా కూర్చున్నాను. ఊరికే కూర్చోనివ్వరు గనక బజ్జీలు తిన్నాను. ఆ ఫలితం రెండు రోజులు అనుభవించాను.

మర్నాడు బిళ్ళ తళతళలాడుతోంది. "బహద్దూరి బిళ్ళనే బేటా. ఫికర్ జెయ్యకు, గట్లనే రాసుకో" అన్నాడు చాచా, నా కళ్ళలోకి చూడకుండా. తిప్పి చూశాను. గీత లేదు!

"నా బిళ్ళ మార్చిండు!" అని బజారంతా వినబడేట్టు అరిచాను. జనం పోగయ్యారు. ఊరందరూ చీటీ లేకుండా గడియారాలు అప్పగించిపోయే మనిషి ఆయన. "నా గడియారం గూడ జర ఇటియ్యి సాయిబూ" అని ఒకాయన చెయ్యి చాపి తన గడియారం తీసేసుకున్నాడు. చాచా ముఖం పాలిపోయింది. "బిళ్ళ మీద ఏం రాసుందో గట్టిగ చదువు మరి, తేలిపోతది" అన్నారెవరో. చాచా చదవలేదు. "పిలగాని అవ్వను తోలుకరాన్రి. ఆమెకే చెప్త" అన్నాడు. ముసలామెనైతే మాటల్లో పెట్టవచ్చని కాబోలు అనుకున్నాను.

ఎవరో సైకిల్ మీద మా ఊరికి పోయి ఎక్కించుకొచ్చారు. అవ్వ వచ్చి, బిళ్ళ అంచును బొటనవేలితో తడిమింది. "గీ నొక్కు మీ తాత సుత్తెతోని గొట్టిందే. గిది మనదేరా!" అని, చాచా వైపు తిరిగి, "అది చదివితే అయిపోవు గద సాయిబూ?" అంది.

"గింత మందిల ఎట్ల చదువాలమ్మా? మీ ఆయన పేరు పోదా?"

"ఆయన పేరుకేం గాదు. చదువు."

చాచా గొంతు సవరించుకున్నాడు. "బందెలదొడ్డి. బర్రె. నంబరు పదిహేడు."

పరాయి చేలో పడ్డ పశువులను పట్టి, మెడకు బిళ్ళ తగిలించి కట్టేసే సర్కారు దొడ్డి అది. బజారంతా గొల్లుమంది. నా తాత గుర్రం దిగిపోయాడు.

"ఏం నవ్వుతరు?" అంది అవ్వ. "మా బర్రె పటేల్ చేన్ల పడనే లేదు. ఉత్త పుణ్యానికి కట్టేపిచ్చిండు. కావలోడు బువ్వ తింటుంటే, మిట్ట మధ్యాహ్నం, గా బిళ్ళతోనే ఇంటికి తోలుకొచ్చిండు మా ఆయన. పటేల్ కు ఎదురువోయినోడు ఊర్ల ఇంకొకడున్నడా? గది బహద్దూరి గాదా?"

నవ్వు ఆగిపోయింది. "గంతకన్న పెద్ద బహద్దూరి లేదమ్మా" అన్నాడు చాచా. గడియారం అడిగినాయన దాన్ని మెల్లగా బల్ల మీదే పెట్టేశాడు.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "మాఫ్ జెయ్యి చాచా" అన్నాను.

"మీ తాత ఇజ్జత్ పోతదనుకున్న బేటా. నా ఇజ్జత్ సంగతి యాదికే రాలే" అని నవ్వాడాయన.

ఇప్పుడు నా దగ్గర మంచి భూతద్దం ఉంది. మొన్న డబ్బా తుడుస్తూ ఆ బిళ్ళను తిప్పి చూస్తే, అంచు పక్కన సన్నగా నా కంపాసు గీత కనిపించింది. ఆ రోజూ అక్కడే ఉండి ఉంటుంది. నాకు అనుమానం ఉన్నంతగా కంటిచూపు లేకపోయింది. ఇది చూపించడానికి చాచా లేడు గదా అని కాసేపు బాధపడ్డాను. తర్వాత బల్ల మీద కూర్చుని బజ్జీలు తింటున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. బిళ్ళను డబ్బాలో పెట్టి మూత వేశాను. మూత మీద వెంట్రుక పెట్టలేదు. (పెడదామన్నా ఇప్పుడు నా తలమీద అంత ఉదారంగా లేవు.)