గుట్ట ఎక్కితేనే పలికే చప్పుడు

"టక్కుమంటున్నదా, టకటకమంటున్నదా? జర సక్కగ చెప్పు బేటా. రెండూ ఒకటి కాదు."

"టకటకనే చాచా."

"మలుపుకాడనా, గుంతలనా?"

"రెండు తావులల్ల."

"అయితే అనంతగిరి గుట్ట ఎక్కాలె."

తాండూరులో బండ్లు బాగుచేసే నజీర్ మిస్త్రీకి ఉన్న తిక్క అదొక్కటే. బండి ముందు చక్రాల దగ్గర ఏ చప్పుడు పుట్టినా, దాని జాతకం ఇరవై మైళ్ల అవతలున్న గుట్ట మలుపుల్లో తప్ప తేలదనేవాడు. అదీ ఆదివారం నాడే. అదీ డ్రైవరు పక్కన బరువుంటేనే. నాపరాళ్లు వేద్దామంటే ఒప్పుకోడు. "రాయి మెదలదు. మెదిలే బరువు కావాలె." ఊళ్లో ఎడ్లబండి కిర్రుమన్నా "గుట్టకు తోలుకపో, నజీర్ చూస్తడు" అని జనం నవ్వుకునేవారు.

ఆ ఏడు, అంటే యాభై తొమ్మిదిలో, ఆయన చేతికి చిక్కినవాడు బాల్‌రాజు. మిలిటరీ వేలంలో కొన్న పాత పికప్పులో కొడంగల్ నుంచి తాండూరుకు కందుల బస్తాలు తోలేవాడు. ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు, అందుకని బండితోనే మాట్లాడేవాడు. నెలాఖరు సోమవారం వికారాబాదులో ఇన్స్పెక్టరు బండిని పరీక్షిస్తాడు. ముందు చక్రం ఆడుతున్నదని తేలితే బండిని రోడ్డెక్కనివ్వడు. బండి నిలబడితే బాల్‌రాజూ నిలబడిపోయినట్టే.

మొదటి ఆదివారం పొద్దున నజీర్ బండిని జాకీ మీదికి లేపాడు. "ఇగో చూడు. చక్రాన్ని మీద, కింద పట్టుకొని ఊపాలె. ఆడిందనుకో, బ్రేకు తొక్కిపియ్యి. ఆట పోతే బేరింగు. పోకపోతే చక్రం మలిపే మొల, కింగ్‌పిన్." ఊపాడు, తొక్కించాడు, తల పంకించాడు. బాల్‌రాజును చాయ్‌కి పంపి, అతను బజారు తిరిగొచ్చేలోగా రెండు గంటలు చక్రం కింద దూరి ఏదో చేశాడు. "గ్రీజు పెట్టిన. ఇగ చప్పుడు వినాలె. బరువును పిలుస్త."

బరువు పేరు మొగులమ్మ. ఒళ్లో జొన్నరొట్టెల మూట పెట్టుకుని, పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నంత ఠీవిగా బాల్‌రాజు పక్కన కూర్చుంది. నజీర్ బయట మడ్గార్డు మీద కూర్చుని, ఒక చేత్తో బండి దీపాన్ని కావలించుకుని, చెవి చక్రం వైపు వంచాడు. దారిలో ఊళ్లవాళ్లు ఎవరో దొంగను కట్టేసి తీసుకుపోతున్నారనుకున్నారు.

"అటు జరగాల్నా అన్నా, ఇటా?"

"ఇటు జర, చెల్లె. ఆ! ఇప్పుడు మస్తు పలుకుతున్నది!"

బండి మెల్లబడి మలుపు తిరగగానే టకటక మొదలైంది. తప్పిపోయిన చుట్టం దొరికినట్టు నజీర్ చప్పట్లు కొట్టబోయి కిందపడబోయాడు. పైకి చేరాక, ఇంజన్ చల్లారడానికి మూడు గంటలు పడుతుందన్నాడు. "ఎట్లయినా వస్తిమి గద. మా ఇంటాయన్ను చూసొస్త" అని మొగులమ్మ గుట్ట మీది క్షయ దవాఖానలోకి పోయింది. తిరిగొచ్చి ఎక్కుతూ సణిగింది కూడా: "నీ బండి కోసం నా ఐతారమంత పాయె కొడకా."

మూడు ఆదివారాలు ఇదే తంతు. చప్పుడు మాత్రం పోలేదు. నాలుగో శనివారం బాల్‌రాజు ఇక ఆగలేకపోయాడు. ఎల్లుండే పరీక్ష. తనే జాకీ ఎత్తాడు. చక్రాన్ని మీద, కింద పట్టుకుని ఊపాడు. కొండను ఊపినట్టుంది. కింద తొంగిచూస్తే కొత్త కింగ్‌పిన్ మిలమిల మెరుస్తోంది. మరి చప్పుడెక్కడిది? చక్రం మధ్యనున్న రేకు టోపీని ఊడదీశాడు. టక్కుమని ఒక నట్టు అరచేతిలో పడింది. బండి వేగంగా పోతే అంచుకు అతుక్కుని ఊరుకునేది, మెల్లబడితే దొర్లి పలికేది.

మర్నాడు పొద్దున్నే దాన్ని తెచ్చి నజీర్ ముందు పెట్టాడు.

"ఇదేంది చాచా?"

"నట్టు."

"అది నాకు ఎరుకే. ఎవరేసిండ్రు?"

నజీర్ గడ్డం గోక్కున్నాడు. "పిన్ను మొదటి ఐతారమే మార్చిన. రేపు ఇన్స్పెక్టర్ ఊపి ఊపి అలసిపోతడు. నువ్వు ఫికర్ చెయ్యకు."

"మొగులమ్మను గుట్టకు తోలుకపొమ్మని సక్కగ అడిగితే నేను కాదంటుంటినా?"

"నువ్వు కాదనవు. ఆమె ఎక్కదు. బస్సుల పోతే, గుట్ట దవాఖానకని తెలిసి పక్కనోళ్లు లేచి దూరం కూసుంటరంట. రెండుసార్లు పోయి బంద్ జేసింది. ఊకె ఎక్కించుకుంటమంటె దయ తల్సినట్టని రాదు. నా చప్పుడుకు బరువు గావాలె చెల్లె అంటె మాత్రం ఉరికొచ్చింది."

కాసేపు స్పానరు తుడిచాడు. "అప్పట్ల మా ఇంటామె రజియా ఆడ పదకొండు నెలలున్నది. మలుపుల ఇంజన్ ఇనపడంగనే మంచాల మీద అందరు లేచి కూసుంటరు. దిగేటోళ్లు వచ్చేది ఒక్కరి కోసం. మిగిలినోళ్లు మల్ల ఒరుగుతరు."

తన బండి చప్పుడుకు ఎక్కడో ఒక మనిషి లేచి కూర్చుంటాడన్న సంగతి బాల్‌రాజుకు అంతవరకు తెలియదు.

"నడువు మరి చాచా. పొద్దెక్కుతున్నది."

"నేను రాను. బయటున్న ఆ జీపుకు గూడ గుట్ట చప్పుడే పట్టింది." బల్ల మీద ఒక ముసలాయన మూటతో, బరువుగా, చాలా బాధ్యతగా కూర్చుని ఉన్నాడు. నజీర్ గొంతు తగ్గించాడు. "నువ్వు పో. మొగులమ్మ రైలు గేటుకాడ నిలబడి ఉంటది. చప్పుడు ఇంక దొరకలేదని చెప్పు. ఆ నట్టు మల్ల టోపీలనే ఎయ్యి బేటా. ఆమె చెవులు నాకన్న సురుకు."